పద్నాలుగో సీసా

మధ్యాహ్నం రెండు దాటాక కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వస్తుంది. ముందు చెక్క అంచును తాకి, తర్వాత పింగాణీ పళ్లెంలోకి దిగి, అక్కడ స్పిరిట్‌లో కాసేపు ఊగుతుంది. వత్సలకు చీమలు బాగా కనిపించేది ఆ గంటన్నరే. జొన్నరొట్టెలు, గిన్నెలు, బట్టలు, మిగతా పనులన్నిటినీ ఆమె దానికి అటూ ఇటూ సర్దుకుంటుంది.

ఆరోజు సోమవారం. ఎద్దులను పూజించే పోళా పండుగ వెళ్లి నాలుగు రోజులైంది. వత్సల గాజు గొట్టం మూతికున్న దూది తీసి పళ్లెంలోకి వంచింది. నల్లటి చీమలు గుంపుగా పడి, విడివడి, గిరగిరా తిరుగుతూ ఒక్కొక్కటే అడుక్కు చేరాయి. వాటి వెనకే గోరంత ఆకుముక్క జారిపడింది. చిమ్టాతో ముందు దాన్ని పట్టి కిటికీలోంచి కిందనున్న మోరీ కాలువలోకి వదిలింది. ఆకు ఉంటే రెండు రోజుల్లో స్పిరిట్ డికాషన్ రంగుకు తిరుగుతుంది. తర్వాత ఇసుక రేణువులు తీసింది, ఒక సాలీడు కాలు తీసింది. చీటీ చూసింది. ‘ఇస్లాపూర్ అడవి’ అని, నెల, సంవత్సరం, భర్త చేతిరాతలో. రెండో గొట్టంలోనూ అదే చీటీ. ఒకే చీటీ ఉన్న గొట్టాలను ఒకే సీసాలో పోయడం ఆమె పెట్టుకున్న పద్ధతి. సీసాలు తక్కువ, అరలో చోటు తక్కువ. మూడేళ్లలో నలభై ఆరు సీసాలయ్యాయి. ఒక్కదానిలో కూడా నలక ఉండదు.

ఆమె భర్త కిషన్‌రావు నాందేడ్‌లో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాడు. కిన్వట్ తాలూకా అడవుల్లోని చీమల జాబితా ఒకటి తయారు చేస్తున్నాడు, డాక్టరేటు కోసం. చీమలు పట్టి తెచ్చేది ఇస్లాపూర్‌లో కూలి పనికి పోయే ముత్తవ్వ. వాటిని శుభ్రం చేసి, సీసాల్లో సర్ది, అద్దం కింద పెట్టి బొమ్మలు గీసేది వత్సల.

ఇంటి యజమానురాలు సుందరబాయి వెనక వాకిట్లోంచి తొంగి చూసింది. మనిషి మరాఠీ, మాట మాత్రం మరాఠీ తెలుగూ కలిపి.

“కాయ్ గ వత్సలా, ఇంకా అయిపోలేదా నీ చీమల పెండ్లి? మేమంతా చీమలకు చక్కెర ఏస్తం. పేర్లు పెట్టెటోళ్లను నిన్నే చూస్తున్న.”

“పేర్లు నేను పెడ్తలేను అక్కా. మొఖాలు చూస్తున్న.”

“చీమకు మొఖమా!” నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఉంది. కాలేజీ నుంచి తెచ్చిన చిన్న మైక్రోస్కోపు మీద కన్ను ఆనించగానే గది వెనక్కి వెళ్లిపోతుంది. రోడ్డు మీది టాంగా గంటలు, పొయ్యి మీది పాలు, అన్నీ దూరమవుతాయి. సన్నటి పసుపు వెలుగులో ఒక చీమ తలపైకెత్తి నిలబడి ఉంటుంది. దాని వీపు మీద ముళ్లు, నడుము మీద ముళ్లు. ఒంటి మీద వెంట్రుకలు పొద్దుగూకే వేళ గట్టుమీది గడ్డిలా మెరుస్తాయి. ఆ గడ్డిలో నడిచి పోవచ్చనిపిస్తుంది. నడుస్తూ పోతే అవతల ఒక ఊరు ఉంటుందనీ, అక్కడ తనను ఎవరూ ఏమీ అడగరనీ కూడా.

చెప్పుల చప్పుడు వినిపించి తల ఎత్తింది. కిషన్‌రావు రెండు గంటలు ముందే వచ్చాడు. చేతిలో కవరు.

“కలకత్తా నుంచి ఉత్తరం అచ్చింది.”

కలకత్తాలో చీమల పండితుడు ఒకాయన ఉన్నాడు. జాబితాకు ఆయన ఒప్పుకోలు కావాలి. ఆయనకు పంపడానికని పద్నాలుగో సీసాలోంచి పన్నెండు ముండ్లచీమలను వత్సలే ఏరింది. ఒకే సీసాలోవి గనక ‘అన్నీ ఒకే చెట్టు గూటివి’ అని కిషన్‌రావు రాశాడు.

“రెండు జాతులట,” అన్నాడతను. ఇంకా నిలబడే ఉన్నాడు. “చూస్తే ఒక్కతీరుగనే ఉంటయట, గని రెండు. ఒక్క గూట్ల రెండు జాతులు కాపురం చేస్తున్నయా, లేకుంటే మీ దగ్గర ఎవరన్న కలిపిండ్రా అని అడుగుతున్నడు.”

“కలుపుడేంది?”

“ముత్తవ్వ. గొట్టం నిండలేదని ఇంకో చెట్టుది తెచ్చి పోసి ఉంటది. ఇంకెవరు కలుపుతరు?” కుర్చీలో కూలబడ్డాడు. “దానికి ల్యాబుల పక్కా నౌకరి ఇయ్యిండ్రని ప్రిన్సిపాల్‌కు చెప్పిన. గాజు సామాను కడిగే పని. ఆయన సంతకం ఒక్కటే తక్కువ. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?”

వత్సల అతనికి మంచినీళ్లు ఇచ్చింది. అతను తాగి, గ్లాసు చీమల పళ్లెం పక్కనే పెట్టబోయి, ఆమె మొహం చూసి కింద పెట్టాడు.

*

మంగళవారం ఎండ వచ్చేదాకా ఆగలేదు. పొద్దున్నే పద్నాలుగో సీసా దించి పళ్లెంలో వంచింది. ఏ చీమ చూసినా నల్లగా, ముళ్లతో, అచ్చం పక్కదానిలా ఉంది. వీటి బొమ్మ తానే గీసింది. ఒక్క బొమ్మ. అన్నిటికీ అదే అనుకుంది.

ఒకటి తీసి అద్దం కింద పెట్టింది. తర్వాత మరొకటి. పదో చీమ దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి పప్పు పొయ్యి మీద వేసి వచ్చింది. మళ్లీ కూర్చుంది. కలకత్తా ఆయన ఏం చూశాడో ఉత్తరంలో రాయలేదు. వీపు ముళ్లు ఒకే పొడవున్నాయి. తల ఒకే ఆకారం. మీసాలు అవే. నడుము మీద పొలుసులా నిలబడిన చిన్న భాగం, దాని రెండు కొనల్లో ముళ్లు. అక్కడ ఆగింది. వెలుగు కొంచెం పక్కకు తిప్పింది.

ఈ చీమకు నడుము ముళ్లు వెనక్కి వంగి, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి చేతుల్లా పొట్టను చుట్టుకుని ఉన్నాయి. ముందు చూసినదాన్ని మళ్లీ పెట్టింది. దాని ముళ్లు సోలాపూర్ ఎద్దు కొమ్ముల్లా నిటారుగా పైకి లేచి ఉన్నాయి.

ఒక్కసారి తెలిశాక ఇంక తెలియకుండా ఉండదు. చంకనెత్తుకున్నవి ఎడమకు, కొమ్ములవి కుడికి. చిమ్టా దానంతట అదే నడుస్తున్నట్టుంది. రేడియోలో మధ్యాహ్నం వార్తలు పక్కింట్లో మొదలై అయిపోయాయి. పప్పు మాడిన వాసన కూడా కలలో వచ్చినట్టే వచ్చింది. ఎడమ పళ్లెం, కుడి పళ్లెం. ఏదీ మధ్యలో మిగలలేదు. అక్కాచెల్లెళ్లలాంటి రెండు కులాలు ఇన్నాళ్లూ ఆ సీసాలో ఒకదాని కాళ్లు ఒకదానికి చిక్కుకుని పడున్నాయి.

సాయంత్రం భర్తకు చూపించింది. అతను చాలాసేపు అద్దంలోంచి చూశాడు.

“కలకత్తా ఆయన చూసింది నువ్వు చూసినవ్,” అన్నాడు. గొంతులో సంతోషం ఉంది. “నీ చేతికొచ్చిన సీసా ఎన్నడు మోసం జెయ్యలే, వత్సలా. మిగిలినోళ్ల పనే అంత పాడైతున్నది.”

ఆ మాట ఆమె పడుకునేదాకా చెవిలో తియ్యగా ఉంది.

*

బుధవారం ముత్తవ్వ వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నెత్తి మీద గంప. అందులో చీర గుడ్డలో చుట్టిన గాజు గొట్టాలు. మోరీ దగ్గర కాళ్లు కడుక్కుని అరుగు కింద నిలబడింది.

“నౌకరి కాయితం అయ్యిందా సారూ? నా బిడ్డ స్టేషన్ కాడ గుడిసెల జాగ జేసి పెట్టింది. నాగళ్ల ఎనుక ఒంగి ఒంగి నడుము వొయ్యింది. ఇగ కూసోని కడిగే పనైతే...”

“గొట్టాల్ల ఎందుకు కలిపినవ్?” అన్నాడు కిషన్‌రావు.

ఆమెకు అర్థం కాలేదు.

“రెండు చెట్లయి ఒక్కదాంట్ల ఎందుకు పోసినవ్ అంటున్న.”

“నేనెందుకు పోస్త సారూ? ఒక చెట్టుది ఒక గొట్టమే. అవ్వి కొట్టుకునే పాలోళ్లసొంటియి. ఒక్కతాన ఉండయి.”

“ఉన్నయి గదా ఒక్కతాన! కలకత్తా దాక వొయ్యి ఇజ్జత్ తీసినయి. ప్రిన్సిపాల్ సాబ్‌కు నీ పేరు చెప్పుడే నాది తప్పు. ఇంత గొట్టం నమ్మకంగ పట్టనిదానివి, ల్యాబు నీ చేతికి ఎట్ల ఇయ్యాలె?”

వత్సల వంటింటి గుమ్మంలో రొట్టె పిండి చేతులతో నిలబడి ఉంది. ముత్తవ్వ చూపు కిషన్‌రావును దాటి ఆమె మీదికి వచ్చింది. కొంచెంసేపు ఆగింది. కిందికి దిగింది.

“ఆకు వెట్టిన గద సారూ,” అంది నెమ్మదిగా.

“ఏం ఆకు? చెత్తంత దెచ్చి పోస్తే, అది కడగలేక మా ఇంట్ల మనిషి కండ్లు వోతున్నయి.” అతను లోపలికి వెళ్లి కాలేజీ కోటు తొడుక్కున్నాడు. ఇటు తిరగకుండా బయటికి వెళ్లిపోయాడు.

ముత్తవ్వ గంప దించుకుని అరుగు మెట్టు మీద కూర్చుంది. వత్సల చేతులు కడుక్కుని చాయ తెచ్చి ఇచ్చింది. పక్కనే గోడకు ఆనుకుంది.

“ఆకు ఎందుకు వెడ్తవ్, ముత్తవ్వా?”

“నాకు రాత రాదు గదమ్మా. సారు ఇచ్చే చీటీలన్ని ఒక్కతీరే ఉంటయి. ఏ చెట్టు చీమకు ఆ చెట్టు ఆకు. టేకు మీద పట్టినదానికి టేకాకు, మోదుగు మీద పట్టినదానికి మోదుగాకు.” చాయ ఊదుకుని ఒక గుటక తాగింది. “ఈ ముండ్లచీమలు చూస్తె ఒక్కతీరే గని గుణం ఏరు. టేకుదాని గూడు ఏలుతోని తట్టు, లోపల గలగల అంటది, ఎండు మినపకాయ ఊపినట్టు. అన్ని కల్సి బెదిరిస్తయన్నట్టు. మోదుగుది అట్ల గాదు. తట్టినవా, కిక్కురుమనకుంట కిందికి రాలి సచ్చినట్టు పడుంటయి. దొంగలు.”

వత్సల నవ్వలేదు. ఆమె కళ్ల ముందు చిమ్టా కొన కనిపిస్తోంది. దాని కొనకు గోరంత ఆకు. మెత్తటిదొకటి, గరుకుదొకటి. ఎన్ని మధ్యాహ్నాలు! గొట్టంలోంచి ముందు ఆకు తీయడం, తర్వాత చీటీ చూడడం, ఒకే చీటీ ఉన్న గొట్టాలు ఒకే సీసాలోకి. నలక లేకుండా.

చెప్పాలని నోరు తెరిచింది. “ఇంకింత చాయ పోయ్యాల్నా?” అని మాత్రమే వచ్చింది.

“వద్దమ్మా. బండికి వోవాలె.” ముత్తవ్వ గ్లాసు మోరీ దగ్గర కడిగి, బోర్లించి పెట్టి, గంప ఎత్తుకుంది.

*

గురువారం సాయంత్రం దీపం పెట్టే వేళకు కిషన్‌రావు చొక్కా గుండీలు విప్పుతుండగా వత్సల చెప్పింది. ఎక్కడా ఆగకుండా, గొట్టం నుంచి సీసా దాకా ఎలా జరిగిందో అలా.

అతను గుండీ మీద చెయ్యి ఉంచి విన్నాడు.

“ఎన్ని సీసాలు అట్ల చేసినవ్?”

“అన్నీ.”

“నలభై ఆరు?”

“నలభై ఆరు.”

అతను అర దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. సాయంత్రపు వెలుగు సీసాల్లో గోధుమ రంగుగా నిలిచి ఉంది. ఒక సీసా తీసి, అలాగే పెట్టేశాడు. కోపం రాలేదు. వస్తే బాగుండునని వత్సలకు అనిపించింది.

“చూడు,” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “ముత్తవ్వ కలిపిందంటే ఒక్క సీసా వోతది. నువ్వు కలిపినవంటే మూడేండ్లు వోతయి. జాబితల ఒక్క పేరు నిలవడది. కలకత్తా ఆయన మల్ల నా ఉత్తరం ఇప్పి గూడ చూడడు.”

“మరి ముత్తవ్వ?”

“ఆమెకేం. ఇన్నేండ్లు కాలేజీ నౌకరి ఉండెనా? కలుపు ఉంది, పత్తి ఉంది. ఏదో ఒకటి దొరుకుతది.”

“దొరుకుతదా? నడుము వొయ్యిందన్నది.”

అతను చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. అన్నానికి కూర్చున్నప్పుడు, “నువ్వు కావాల్నని చేసినవా?” అన్నాడు మెల్లగా. “ఇల్లు సాఫు జేసినట్టు చేసినవ్. ఎవలకు చెప్పకు.”

ఆ మాటలో ప్రేమ ఉంది. అదే ఆమెకు మింగుడు పడలేదు.

శుక్రవారం అతను అన్నం వేళకే కాలేజీ నుంచి వచ్చి, “కాయితం ఇచ్చిన,” అన్నాడు. ముత్తవ్వ నమ్మకమైన మనిషి కాదని, ఆ ఉద్యోగం వేరేవారికి ఇవ్వమని రాసిన కాగితం. ప్రిన్సిపాల్ సోమవారం చూస్తానన్నాడట.

ఆ మధ్యాహ్నం వత్సల నల్ల సిరాతో రెండు చీమల బొమ్మలు గీసింది. పక్కపక్కన. చంకనెత్తుకున్నది, కొమ్ములది. ఎండ పళ్లెంలో ఊగుతుంటే కళ్లు బరువెక్కాయి. ఒక ఆకు గూటి ముందు తాను నిలబడినట్టు, వేలితో తట్టినట్టు, లోపలినుంచి గలగలా చప్పుడు పెరిగి పెరిగి నలభై ఆరు సీసాలూ కదిలినట్టు. ఉలిక్కిపడి లేచేసరికి సిరా చుక్క ఒకటి కాగితం మీద పడి ఉంది. మామూలుగా అయితే ఆ కాగితం చింపి మళ్లీ గీసేది. ఆరోజు బ్లేడుతో చుక్కను గీకేసి, గీకిన గుర్తు అలాగే ఉంచింది.

*

శనివారం పొద్దున ముత్తవ్వ మళ్లీ వచ్చింది. మిగిలిన ఖాళీ గొట్టాలు, చిమ్టా, దూది ఉండ, అన్నీ అరుగు మీద వరసగా పెట్టింది.

“మీ సామాను జూసుకోండ్రి సారూ. ఒక గొట్టం పలిగింది. దాని పెంకులు గూడ తెచ్చిన.”

కిషన్‌రావు అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. “అట్ల పెట్టు,” అన్నాడు.

వత్సల బయటికి వచ్చింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది.

“ముత్తవ్వా, కలిపింది నేను. నీ ఆకులు తీసి పారేసి, రెండు గొట్టాలు ఒక్క సీసల పోసింది నేను. నువ్వు కాదు.”

కిషన్‌రావు చేతిలో కప్పు సాసరు మీద టిక్కుమంది.

ముత్తవ్వ దూది ఉండను ఇంకొంచెం లోపలికి జరిపింది. గాలికి ఎగురుతుందని.

“ఎర్కనే అమ్మా,” అంది.

“ఎర్కనా?”

“మీ మోరికాడ కాళ్లు గడిగినప్పుడల్ల నా ఆకులు కానొస్తుండె. టేకుది, మోదుగుది, నల్లమద్దిది. అన్ని ఆడనే.”

“మరి మొన్న ఎందుకు చెప్పలేదు? నన్ను చూసినవ్ గదా.”

“ఏమని చెప్పాలె? మీరిద్దరు ఒక్కింటోళ్లు. నేను అరుగు కిందిదాన్ని.” కిషన్‌రావు వైపు తిరగకుండానే అంది, “పోయిన ఎండకాలం సారుకు చెప్పిన. అమ్మ ఆకులు పారేస్తున్నది సారూ అని. చదువుకున్నోళ్లకు ఎర్కుంటది తీ అన్నడు. ఉంటదేమో అనుకున్న.”

అతను కప్పు పక్కకు జరిపాడు. గుర్తొచ్చినట్టుంది. మొహం నెమ్మదిగా ఎర్రబడింది.

“నేను కాలేజీకి వోతున్న,” అంది వత్సల. “ప్రిన్సిపాల్‌కు నా నోటితోని చెప్త.”

“నువ్వా? కాలేజీకా?”

“మీరు రాకున్నా వోత.”

సుందరబాయి తన వాకిట్లో బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆపేసింది. కిషన్‌రావు లేచాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. “నడువు ముత్తవ్వా,” అన్నాడు.

“నేను రాను,” అంది ముత్తవ్వ.

“నీ నౌకరి కోసమే గదా!”

“తప్పు చెయ్యనిదాన్ని, ఆడికొచ్చి చేతులు కట్టుకొని ఎందుకు నిలవడాలె? చేసినోళ్లు వొయ్యి చెప్పి రాండ్రి. నేను ఈడ నీడల కూసుంట.”

అరుగు మెట్టు మీద కూర్చుని, గంపలోంచి తమలపాకు తీసి తొడిమ గిల్లింది.

*

కాలేజీ దూరమేమీ కాదు. కానీ వత్సలకు ఆ దారి ఎప్పుడూ నడవని దారిలా ఉంది. ఎండ తెల్లగా, నీళ్లలో నుంచి చూస్తున్నట్టు ఉంది. సైకిళ్లు, పాల కావళ్లు, బురఖాలో నడిచిపోతున్న ఇద్దరు ఆడవాళ్లు, అందరూ ఒక్కొక్కరే విడివడి తేలిపోతున్నారు. కిషన్‌రావు రెండడుగుల ముందు నడుస్తున్నాడు. ఒక చోట ఆగి ఆమె వచ్చేదాకా చూసి, తర్వాత పక్కనే నడిచాడు.

ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను కింద కాగితాల మీద రాళ్లు పెట్టి ఉన్నాయి. ఆయన తెల్ల టోపీ సర్దుకుని ఇద్దరినీ కూర్చోమన్నాడు. కిషన్‌రావు కూర్చోలేదు.

“నిన్న ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటాను సార్,” అన్నాడు మరాఠీలో. “ఆ మనిషి తప్పు లేదు. పొరపాటు మా ఇంట్లో జరిగింది. నాదే అనుకోండి.”

వత్సల తల ఎత్తింది. అతను తన కోసం ఆ మాట అన్నాడని తెలుసు. ఊరుకుంటే సరిపోయేది. కానీ మంగళవారం రెండు పళ్లాల మధ్య ఒక్క చీమను కూడా ఆమె మిగల్చలేదు.

“ఆయనది కాదు సార్,” అంది, తానూ మరాఠీలోనే. “సీసాలు కలిపింది నేను. ఒకటి కాదు, నలభై ఆరు. ముత్తవ్వ చెబితే వినిపించుకోకపోవడం ఆయన తప్పు. అది వేరు, ఇది వేరు.”

ప్రిన్సిపాల్ ఆమెను, అతన్ని, మళ్లీ ఆమెను చూశాడు. చీమల గురించి ఆయనకు ఏమీ తెలియదు. రాయి ఎత్తి, కాగితం తీసి, మడిచి కిషన్‌రావు చేతికిచ్చాడు.

“బరం, అలాగే. సోమవారం పదింటికి ఆ బాయిని పంపండి,” అన్నాడు. తర్వాత జాలిగా, “మరి మీ డాక్టరేటు?”

“మళ్లీ మొదటి సీసా నుంచి,” అన్నాడు కిషన్‌రావు.

ఇంటికి వచ్చేసరికి నీడ మెట్టు మీదినుంచి పక్కకు జరిగిపోయింది. ముత్తవ్వ కూడా దాంతో పాటు జరిగి గోడ వారగా కూర్చుని ఉంది. లేవలేదు.

“సోమారం పదింటికి రమ్మన్నరు. సీసలు మాత్రం మల్ల మొదటికెల్లి చెయ్యాలె,” అంది వత్సల.

ముత్తవ్వ తల ఊపింది. సన్నగా, లోపల్లోపల నవ్వింది. “సారు మొఖం ఎట్లుండె ఆడ?”

“ఇప్పుడున్నట్టే ఉండె.”

కిషన్‌రావు ఆ మాట విననట్టు లోపలికి వెళ్లాడు. అర తలుపు తీసిన చప్పుడు, సీసాలు ఒకటొకటే బల్ల మీద పెడుతున్న చప్పుడు వినిపించాయి. కాసేపటికి కిటికీ దగ్గరికి వచ్చాడు.

“ముత్తవ్వా,” అన్నాడు. “గలగల అనేది టేకుదా, మోదుగుదా?”

“టేకుది సారూ.” కిటికీ వైపు తిరిగింది. “ఇప్పుడు అడిగినవ్ సరే. నేను ఇగ మీ గాజులు కడుక్కుంట ఈడుంటే, అడివికి ఎవలు వోవాలె? మల్ల మొదటికెల్లి అంటున్నరు గదా.”

“నేనొస్త,” అంది వత్సల. “నీకు ఆదివారం సుట్టి ఉంటది. రేపే తోల్కపో. ఏ గూడు ఏం చప్పుడు చేస్తదో నేను చెవుల ఇనాలె.”

ముత్తవ్వ ఆమెను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. చూపు పాదాల దగ్గర ఆగింది.

“ఆ చెప్పులతోనైతే కాదు,” అంది.